నొప్పి తగ్గిన సొరుగు

పిల్ల ఏదో ఒక రోజు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే, లోపల ఏమవుతోందో నాకు తెలియకుండా పోతుందేమోనని భయం. దానికింకా మూడేళ్ళే. తలుపు గడియ అందాలంటే ముక్కాలిపీట ఎక్కాలి. రాబోయే పదిహేనేళ్ళ భయాలన్నీ ఇప్పుడే ఖర్చుపెట్టేస్తే అప్పటికి ఏమీ మిగలవని మా ఆవిడ వేళాకోళం చేస్తుంది. ఆమె మాటా నిజమే. కానీ ఈ భయం నాకు ఊరికే పట్టుకోలేదు. ఒక పళ్ళ ఆసుపత్రి గదిలో, ఒక పెద్దావిడ పక్కన పనిచేసిన రెండేళ్ళలో అంటుకుంది. ఇది ఆవిడ గురించి.

ఆవిడను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. విశ్వవిద్యాలయం ఆరోగ్య కేంద్రంలో కింది అంతస్తు చివరి గది పళ్ళ విభాగం. ఒక డాక్టరు, ఒక కుర్చీ, ఒక సహాయకురాలు. కుర్చీ మీద వేలాడే దీపాన్ని సరిగ్గా నోట్లోకి తిప్పి నిలబెట్టేది ఆవిడే కాబట్టి విద్యార్థులు లైటమ్మ అని పేరు పెట్టారు. ఇరవై మూడేళ్ళలో ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, జీతాల విభాగం నుంచి వచ్చే కాగితం మీద అసలు పేరు చూసి డాక్టరుగారే ఒకసారి "ఈవిడెవరు?" అని అడిగారట.

నేను చదివింది గణాంకశాస్త్రం. ఆ కేంద్రంలో ఒక సర్వే కోసం రెండేళ్ళ ఉద్యోగానికి చేరాను. విద్యార్థుల మనసు ఎలా ఉంది, నోరు ఎలా ఉంది, ఈ రెంటికీ సంబంధం ఉందా అన్నది ప్రశ్న. నాకు వేరే గది లేక పళ్ళ గదిలోనే కిటికీ పక్కన బల్ల వేశారు. లవంగ నూనె వాసన, ఉమ్మే పళ్ళెంలో సన్నగా తిరిగే నీళ్ళు, చేతి దగ్గర చిరిగితే ప్లాస్టరు అతికించిన ఆకుపచ్చ కుర్చీ. వాటి మధ్య నా అంకెలు.

లైటమ్మ పని చూడటానికి బాగుండేది. డాక్టరు తల తిప్పకుండా అరచెయ్యి చాపితే, కావలసిన పరికరం అందులో వాలేది. గాజు పలక మీద సిమెంటు కలిపేటప్పుడు లోలోపల లెక్కపెట్టుకునేది, పెదవులు కదిలేవి. ఇంటి సంగతులు కూడా అక్కడే చెప్పేది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పిల్లలు లేరు. దర్జీ దుకాణం పైన రెండు గదుల్లో కాపురం. ఆయనకు కట్టుడు పళ్ళు ఈ గదిలోనే పెట్టించారు. "మా ఆయన నాతో పోట్లాడాలంటే ముందు పళ్ళు వెతుక్కోవాలి, ఈలోపు నాకు కోపం దిగిపోతుంది" అనేది. భయంతో బిగుసుకుపోయి వచ్చిన కుర్రాళ్ళు ఆ మాటకు నవ్వేవాళ్ళు. నవ్వితే నోరు తెరుచుకుంటుంది, మన పని సగం అయినట్టేనని నాకు కిటుకు చెప్పింది.

కార్డుల పెట్టె కూడా ఆవిడ ఏర్పాటే. మూడు సొరుగులు. పై సొరుగులో వైద్యం పూర్తయినవాళ్ళు, మధ్య సొరుగులో ఇంకా రావలసినవాళ్ళు. కింది సొరుగు సంగతి చెప్పాలంటే పంటి వేరుకు చేసే వైద్యం గురించి కొంచెం చెప్పాలి. పన్ను లోపలి దాకా పుచ్చితే, దాన్ని తెరిచి లోపల చెడిన నరాన్ని తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికంగా సిమెంటు మూత వేస్తారు. నొప్పి చాలామందికి ఒకటి రెండు రోజుల్లోనే సద్దుమణుగుతుంది. కానీ పని అయిపోలేదు. మళ్ళీ రెండుసార్లు రావాలి. రాకపోతే మూత అరిగి, లోపలికి తిండీ క్రిములూ చేరి, మొదటికంటే అధ్వాన్నం అవుతుంది.

చాలామంది రారు. రెండు తేదీలు దాటినా రాని మనిషి కార్డు తీసి, లైటమ్మ నీలం పెన్సిలుతో "నొప్పి తగ్గింది" అని రాసి కింది సొరుగులో వేసేది. నొప్పి ఉన్నంతసేపే మనం దేవుళ్ళం, అది తగ్గాక దారిలో కనబడినా మొహం తిప్పుకుంటారు అని ఆవిడ సిద్ధాంతం. ఆ గదిలో ఎవరూ దాన్ని కాదనలేదు. డాక్టరుగారు ఏడాది చివర నివేదికలో ఆ సొరుగును "ఉపశమనం పొందినవారు" అని చూపేవారు. పంటి పని చేసేవాళ్ళకు నొప్పి ఒక్కటే మనిషిని కుర్చీ దాకా తెస్తుందని నమ్మకం. అందుకే, రాలేదంటే నొప్పి లేదు. నేను కూడా ఏడాది పాటు ఆ సొరుగును పక్కన పెట్టుకొని కూర్చుని ఏమీ అడగలేదు.

సర్వేలో విద్యార్థులు తొమ్మిది ప్రశ్నలకు జవాబు రాసేవారు. గత రెండు వారాల్లో దేని మీదా ఆసక్తి లేకుండా ఉందా, నిద్ర పట్టిందా, తిన్నారా, మీరు పనికిరానివారని అనిపించిందా, ఇలాంటివి. తర్వాత డాక్టరు నోరు చూసి పుచ్చిన పళ్ళు, రక్తం కారే చిగుళ్ళు లెక్కపెట్టేవారు. ఫారం మీద పేరు ఉండదు. కార్డు నంబరు ఉంటుంది. ఫారం ఇచ్చిన ప్రతివాళ్ళకూ, పై అంతస్తులో వారానికి రెండు రోజులు కూర్చునే కౌన్సెలర్ వేళలు రాసిన చీటీ ఒకటి ఇచ్చేవాళ్ళం. ఆ చీటీలు చాలావరకు మా గుమ్మం ముందే కింద పడి ఉండేవి.

అంకెలు రెండో ఏడాదికి మాట్లాడటం మొదలుపెట్టాయి. మనసు బాగా కుంగినవారిలో పుచ్చిన పళ్ళు ఎక్కువ, చిగుళ్ళ రక్తం ఎక్కువ. కారణాలు ఊహించడం కష్టం కాదు. లేచి మొహం కడుక్కోవడమే కొండ ఎక్కినట్టుండే మనిషి పళ్ళు తోమడు. వంట, భోజనం మానేసి బిస్కట్లు, తీపి పానీయాలతో గడుపుతాడు. కుంగుబాటుకు కొన్ని మందులు వాడితే నోరు ఎండిపోతుంది. లాలాజలం తగ్గితే పంటికి కాపలా తగ్గినట్టే. అటువైపు నుంచి చూస్తే, పంటి నొప్పి నిద్ర చెడగొడుతుంది, నోటి వాసన నలుగురిలోకి వెళ్ళనివ్వదు, మనసు ఇంకా కుంగుతుంది. ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒక్కసారి చేసిన సర్వే చెప్పలేదు. ఆ మాట లైటమ్మతో అంటే, "ఏది ముందొచ్చినా కుర్చీలో కూర్చునేది ఒక్క మనిషే కదా, లెక్కల బాబూ" అంది.

ఒక మధ్యాహ్నం నాకు తోచి, కార్డులు ఏ సొరుగులో ఉన్నాయో దాన్ని బట్టి ఫారాలను విడదీశాను. పాత ఏళ్ళ కార్డులు అటకెక్కాయి, అప్పుడు కింది సొరుగులో ఉన్న యాభై ఎనిమిది మందీ సర్వేలో ఉన్నవాళ్ళే. అందులో ముప్పై ఏడుగురి మార్కులు తీవ్రమైన కుంగుబాటు గీత దాటి ఉన్నాయి. పై సొరుగులో అలాంటివాళ్ళు ఎనిమిది మందికి ఒకరు. మూడుసార్లు లెక్క చూశాను. ఏదో గొప్ప సంగతి కనిపెట్టిన ఉత్సాహం వచ్చింది నాకు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆవిడ పరికరాలు తుడిచి ట్రేలో పేరుస్తోంది.

"అమ్మా, మీ కింది సొరుగులోవాళ్ళకి నొప్పి తగ్గలేదు" అన్నాను.

"నీకెవరు చెప్పారు?"

"వాళ్ళే. ఫారాల్లో రాశారు. నొప్పి తగ్గి మానేయలేదమ్మా. మంచం దిగలేక మానేశారు."

ఆవిడ చేతిలో గుడ్డ ట్రేలో పెట్టింది. తర్వాత వెళ్ళి ఆకుపచ్చ కుర్చీలో కూర్చుంది. నేను చూసినన్నాళ్ళలో ఆవిడ అందులో కూర్చోవడం అదే మొదలు. ఎవరెవరో చెప్పమంది. నంబర్లే తప్ప పేర్లు చూడలేదని, చూసినా చెప్పకూడదని అన్నాను. సరేలే, సొరుగంతా నేనే చూసుకుంటానని లేచి, సొరుగును ఊడబెరికి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో కార్డు తీసి, మొహం గుర్తొచ్చేదాకా చూసి, వెనక్కి పెడుతోంది. ఒక కార్డు దగ్గర ఆగిపోయింది.

ఆ అమ్మాయి నాకూ గుర్తే. మూడో సంవత్సరం విద్యార్థిని. గళ్ళ స్కార్ఫుతో మూతి దాకా కప్పుకొని వచ్చింది. కుర్చీలో కూర్చున్నాకే స్కార్ఫు తీసింది. పళ్ళ మీద పాచి మందంగా ఉంది, వెనక మూడు పళ్ళు పుచ్చాయి. రోజూ తోముతున్నావా అని లైటమ్మ అడిగితే, తోముతున్నానంది. లైటమ్మ దీపాన్ని ఇంకాస్త కిందికి లాగి, ఎప్పుడూ అనే మాటే అంది: "నాలుగు గింజలు చల్లితే ఈ పళ్ళ మీద మొలకలొస్తాయి తల్లీ." డాక్టరు నవ్వారు. నేను నవ్వాను. ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఒక పన్ను తెరిచి, మందు పెట్టి, మూత వేసి పంపారు.

"ఆ సిమెంటు ఎన్నాళ్ళుంటుందమ్మా?" అని అడిగాను.

"మూడు వారాలు. అటువైపు నమలకపోతే నాలుగు." కార్డు వెనక తేదీ చూసింది. "నాలుగు నెలలైంది."

ఆ మర్నాడు ఆవిడ సెలవు పెట్టి అమ్మాయిల హాస్టలుకు వెళ్ళింది. నన్ను లోపలికి రానివ్వరు కాబట్టి ఇకపై చెప్పేది ఆవిడ చెప్పిందే. తెల్ల కోటు వేసుకుని వెళ్ళడం వల్ల కాపలావాళ్ళు అడ్డు చెప్పలేదట. మూడో అంతస్తు. గదిలో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు కూడా లేదు, తోటి అమ్మాయి వేరే గదికి మారిపోయింది. తీపి పానీయాల ఖాళీ సీసాలు కిటికీ పొడుగునా వరుసగా ఉన్నాయి. ఆ వరుస చూస్తే, ఇంకా ఏదో సర్దుకోవాలని ప్రయత్నం చేసినట్టుందని లైటమ్మ అంది. బ్రష్షు బల్ల మీదే ఉంది, అట్ట విప్పకుండా. అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడి చెంప వాచి ఉంది.

ఎందుకు రాలేదని లైటమ్మ అడగలేదట. కుర్చీ లేక మంచం అంచున కూర్చుందట. చాలాసేపటికి ఆ అమ్మాయే చెప్పింది.

"రావాలనే అనుకున్నానాంటీ. తయారయ్యాను కూడా. మళ్ళీ తోముతున్నావా అని అడుగుతారు కదా. తోముతున్నానని చెప్పాలి. మీరు లైటు వేసి చూస్తారు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాలి. అంత ఓపిక లేకపోయింది."

ఈ మాటలు నాకు చెప్పేటప్పుడు లైటమ్మ ఏడవలేదు. ఒక్కొక్క మాటా సరిగ్గా అప్పజెప్పింది, ఏదీ పోకూడదన్నట్టు.

అదే రోజు ఆ అమ్మాయిని నడిపించుకుని తీసుకొచ్చింది. డాక్టరు ఎక్స్‌రే తీశారు. మూత ఊడి, తెరిచిన పన్ను కింద చీము పట్టింది. పక్క రెండూ మిగల్లేదు. అంతకుముందు వచ్చి ఉంటే మూడూ నిలిచేవి. ఇన్నాళ్ళు ఏం చేశావని డాక్టరు అడగబోతుంటే, లైటమ్మ కుర్చీ కింద ఆయన కాలు తొక్కింది. ఆయన ఆగిపోయారు. మందులు వాడి, వారం తర్వాత ఒకటి, ఆపై వారం రెండు పళ్ళు తీశారు. రెండుసార్లూ లైటమ్మే హాస్టలుకు వెళ్ళి తీసుకొచ్చింది. పై అంతస్తులో కౌన్సెలర్ దగ్గరికీ తీసుకెళ్ళింది. అక్కడ మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. ముందుకు జరపమని బతిమాలితే, అత్యవసరమా అని అడిగారు. ప్రాణం తీసుకునే ఆలోచన ఉందా అన్న ప్రశ్నకు అమ్మాయి లేదంది. అయితే మూడు వారాలేనన్నారు.

ఆ తేదీ రాకముందే అన్నయ్య వచ్చాడు. హాజరు చాలలేదు, పరీక్ష రాయనిచ్చేది లేదని ఇంటికి ఉత్తరం వెళ్ళిందట. మందుల చీటీ కోసం మా గదికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ప్రయాణపు దుమ్ము ఇంకా వదల్లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగా అర్థం కాకే అడిగాడు.

"పళ్ళ నొప్పికి చదువు మానేస్తారా ఎవరైనా?"

లైటమ్మ చెప్పబోయింది. ఇది పళ్ళ జబ్బు ఒక్కటే కాదని, ఇంటికి వెళ్ళాక మనసు డాక్టరుకు చూపించాలని, పిల్లను ఒంటరిగా వదలొద్దని. అతను తల ఊపుతూ విన్నాడు. మా ఇంట్లో అలాంటివేమీ లేవండీ, నాలుగు రోజులు అమ్మ చేతి తిండి తింటే అదే సర్దుకుంటుందన్నాడు. లైటమ్మ తన నంబరు రాసి ఇచ్చింది, వాళ్ళది తీసుకుంది. అమ్మాయి గుమ్మం దగ్గర స్కార్ఫు కప్పుకొని నిలబడింది. వెళ్తూ లైటమ్మను చూసి నవ్వింది. ఆవిడ తట్టుకోలేకపోయింది ఆ నవ్వునేనని తర్వాత చెప్పింది. అది ఎవరి కోసం నవ్విందో నాకు తెలుసు బాబూ, అంది.

నెల తర్వాత ఫోను చేస్తే అన్నయ్య ఎత్తి బాగానే ఉందన్నాడు. ఒకసారి మాట్లాడతానంటే పడుకుందన్నాడు. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు. రెండో నెలలో ఆ నంబరు పనిచేయలేదు. ఆ తర్వాత ఏమైందో మాకెవరికీ తెలియదు. ఇంతవరకు తెలియదు.

లైటమ్మ కింది సొరుగులోని మిగతావాళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. భోజనం వేళలో, ఒక చేత్తో అన్నం కలుపుకుంటూ. యాభై ఏడు కార్డులు. పంతొమ్మిది నంబర్లు పోయాయి. కొందరు ఎత్తలేదు. కొందరికి నిజంగానే నొప్పి తగ్గిందట, నవ్వుతూ క్షమాపణ చెప్పారు. ఎనిమిది మంది వచ్చారు. అందులో ఐదుగురు రెండోసారి రాలేదు. ఎవరో తండ్రి, ఆసుపత్రివాళ్ళు మా అబ్బాయికి పిచ్చి ఉందంటున్నారని ఫిర్యాదు చేశాడు. కేంద్రం అధికారి పిలిచి, ఫోన్లు చేయడం నీ పని కాదు, నీ పని లైటు పట్టుకోవడం అన్నారు.

మా సర్వే నివేదికగా వచ్చింది. నేను రాసిన పట్టికలు ఏడు ఉన్నాయి అందులో. కుంగుబాటుకూ నోటి ఆరోగ్యానికీ సంబంధం కనిపించిందని, మరింత పరిశోధన అవసరమని చివరి వాక్యం. ఆ వాక్యం కూడా నేను రాసిందే.

మరుసటి సంవత్సరం, నా ఉద్యోగం ముగిశాక, కార్డులు తీసేసి కంప్యూటరు పెట్టారు. ఆ పని చేసిన కుర్రవాడు శ్రద్ధ గలవాడు. పాత పద్ధతి ఏదీ పోకూడదని కార్డులన్నీ చదివి మరీ తయారు చేశాడు. రెండు తేదీలు దాటితే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే తెరమీద ఆ పేరు పక్కన "నొప్పి తగ్గింది" అని పడుతుంది. లైటమ్మ అది చూసి, తీసేయమని అతన్ని అడిగింది. పైవాళ్ళు ఒప్పుకున్న ప్రకారమే చేశానమ్మా, ఇప్పుడు మార్చాలంటే వాళ్ళే చెప్పాలన్నాడు. డాక్టరుగారిని అడిగింది. ఆ అంకె లేకపోతే నివేదికలో ఉపశమనం గడి ఖాళీగా ఉంటుందన్నారు. రెండు ఉత్తరాలు రాసింది, చూడటానికి వెళ్ళిన నాచేత ఒకటి రాయించింది. జవాబు రాలేదు.

"నేను చేసిన తప్పు నాకన్నా గట్టి ఉద్యోగం సంపాదించుకుంది" అంది. అది హాస్యానికే అంది గానీ మేమిద్దరం నవ్వలేదు.

ఆవిడ పదవీ విరమణ చేసి ఏడాది దాటింది. నేను వేరే ఉద్యోగంలో ఉన్నాను. ఎనిమిది నెలల క్రితం పిల్లను తీసుకుని ఆ దర్జీ దుకాణం పైకి వెళ్ళాను. భర్త కుట్టు మిషన్ల మోతలో రేడియో వినే ప్రయత్నంలో ఉన్నాడు. లైటమ్మ బాగా చిక్కిపోయింది. ఇప్పటికీ ఆ అమ్మాయి ఇంటి నంబరుకు నెలకోసారి ఫోను చేస్తానని, అది లేదనే గొంతు కూడా అలవాటైపోయిందని చెప్పింది. ఇరవై మూడేళ్ళలో ఆ సొరుగులో ఎంతమందిని వేశానో లెక్కకట్టి చెప్పగలవా అని నన్ను అడిగింది. చెప్పగలను. చెప్పలేదు.

మాట మార్చడానికి పిల్ల సంగతి ఎత్తాను. పళ్ళు తోముకోవడానికి మొరాయిస్తోందని, రోజూ తోముకున్నావా అని అడుగుతున్నానని, తోముకున్నానని అబద్ధం చెప్పడం నేర్చిందని. మూడేళ్ళకే నా దగ్గర దాచడం మొదలైందని బెంగగా ఉందని కూడా చెప్పేశాను.

ఆవిడ పిల్లను దగ్గరకు తీసుకుంది గానీ నోరు తెరవమనలేదు.

"అడగొద్దు బాబూ. ఆ ప్రశ్నకి అవునని చెప్పడమంత తేలిక ఇంకేదీ ఉండదు. నీ బ్రష్షు నువ్వు తీసుకుని దాని పక్కన నిలబడి తోముకో. అది తోమినా సరే, ఆడుకున్నా సరే, ఏమీ అనకు. పొద్దున్నా, పడుకునే ముందూ, రోజూ. అది పెద్దదయ్యాక కూడా నిలబడు, విసుక్కున్నా నిలబడు. ఏదో ఒక రోజు రాదు. రాలేదని నీకు ఆ రోజే తెలుస్తుంది. అప్పుడు పళ్ళ ఊసెత్తకుండా వెళ్ళి పక్కన కూర్చో."

"అలా చేస్తే పిల్ల బాగుంటుందా అమ్మా?"

"బాగుంటుందో లేదో నాకేం తెలుసు? ఆ రోజే తెలుస్తుందన్నాను, అంతే. నాకు నాలుగు నెలలు పట్టింది."

అప్పటి నుంచి రోజుకు రెండుసార్లు బేసిను ముందు మేమిద్దరం నిలబడుతున్నాం. కొన్ని రోజులు తోముతుంది. కొన్ని రోజులు పేస్టు తినేసి, కుళాయి విప్పి, నీళ్ళలో వేళ్ళు పెట్టుకుని ఆడుకుంటుంది. నేను నా పళ్ళు తోముకుంటాను. ఏమీ అడగను.